వెనకొచ్చిన కొమ్ములు

తెనాలి బోసు రోడ్డు నుంచి మార్కెట్ వైపు తిరిగే ఒక సందులో గులాం మొహిద్దీన్ గడియారాలు బాగుచేసే కొట్టు ఉండేది. కొట్టు పైన మేడ మీద ఒకటే గది. ఆ గదిలో ఆయన కొడుకు ఫరూక్ నాలుగు పాత కంప్యూటర్లు పెట్టుకుని డీటీపీ పని చేసేవాడు. పెళ్ళి శుభలేఖలు, ఎన్నికల కరపత్రాలు, కాలేజీ పిల్లల ప్రాజెక్టు రిపోర్టులు, రంజాన్ నెలలో ఇఫ్తార్ వేళల కార్డులు, ఏదొస్తే అది. మనిషి నెమ్మదస్తుడు. పని శుభ్రంగా చేస్తాడని పేరు. ఆ పేరు సందు దాటి పోలేదన్నదే అతని దిగులు.

రెండువేల నాలుగులో ఆ దిగులుకు మందు దొరికింది. ముహూర్తాలు ముంచుకొచ్చిన రోజుల్లో వైరస్ సోకి అతని కంప్యూటర్లు పడకేశాయి. హైదరాబాదు నుంచి శుభలేఖల పని మీద వచ్చిన ఒకాయన సంచిలోంచి సీడీ తీసిచ్చి, "ఇది వేసి చూడండి. దీంతో వైరస్సుల గొడవుండదు, దొంగ కాపీ అన్న భయమూ ఉండదు" అన్నాడు. దాని పేరు పెలికాన్. కంప్యూటర్ నడవడానికి అడుగున ఉండవలసిన సాఫ్ట్‌వేర్ అది. ఏ కంపెనీ సొత్తూ కాదు. దేశదేశాల వాళ్ళు తీరిక వేళల్లో కలిసి రాసుకున్నది. ఎవరైనా వాడుకోవచ్చు, విప్పి చూడవచ్చు, మార్చుకోవచ్చు, పక్కవాళ్ళకు పంచిపెట్టవచ్చు.

ఫరూక్ దాన్ని వాడాడు, విప్పి చూశాడు. అందులో తెలుగు లేదని వాళ్ళ మెయిల్ గ్రూపులో వచ్చీరాని ఇంగ్లీషులో ఫిర్యాదు చేశాడు. జర్మనీ నుంచి మతియాస్ అనే ఆయన, "లేకపోతే మీరే పెట్టండి" అని జవాబిచ్చాడు. ఫరూక్ ఆ మాటను పట్టుకున్నాడు. ఏడాది తిరిగేసరికి పెలికాన్ మెనూల్లో సగం తెలుగులోకి వచ్చాయి. పనిచేసిన వాళ్ళ పేర్లుండే పేజీలో తెలుగు అన్నచోట ఒకే ఒక్క పేరు కనిపించేది: ఫరూక్, తెనాలి. కొట్టు తెరవగానే ముందు ఆ పేజీ తెరిచి చూసుకుని, తర్వాతే పని మొదలుపెట్టేవాడు.

ఏ ప్రాంతం వాళ్ళు ఆ ప్రాంతంలో కలుసుకోవాలనీ, కొత్తవాళ్ళ కంప్యూటర్లలో పెలికాన్ ఎక్కించి నేర్పాలనీ ఆ సంఘం ఆనవాయితీ. తెనాలిలో ఆ పని ఫరూక్ నెత్తికెత్తుకున్నాడు. వీలైన ఆదివారాల్లో మేడ మీద గదిలో చాపలు పరిచేవాడు. భార్య పర్వీన్ టీ చేసి ఫ్లాస్కులో పంపేది. పెలికాన్ అంటే ఉప్పలపాడు చెరువుకొచ్చే గూడబాతేనని ఎవరో చెప్పడంతో సందులో వాళ్ళు వీళ్ళకు గూడబాతులోళ్ళని పేరు పెట్టారు. పదిమంది వచ్చినా, ఇద్దరే వచ్చినా ఫరూక్‌కి అది పెద్ద సభే. "ఫరూక్ సార్, ఫరూక్ సార్" అని ఆ గదిలో వినిపిస్తుంటే కింద గడియారాల మధ్య కూర్చున్న మొహిద్దీన్ అద్దం కన్నుకు పెట్టుకునే నవ్వుకునేవాడు.

అలాంటి ఒక ఆదివారం లక్ష్మీదుర్గ వచ్చింది. రేపల్లె దగ్గర రైతుల ఇంటి పిల్ల. ఎంసీఏ చదివి, రేపల్లెలో ఒక డిగ్రీ కాలేజీలో కంప్యూటర్లు చెబుతోంది. సీపీయూని దుప్పటిలో చుట్టి, బియ్యపు సంచిలో పెట్టుకుని, రేపల్లె ప్యాసింజర్‌లో ఒళ్ళో కూర్చోబెట్టుకుని తెచ్చింది.

"ఇది మాట వినట్లేదండి అన్నయ్యా. మీ దగ్గరికి తీసుకెళ్తే వింటుందన్నారు" అంది.

ఆ మాటకు ఫరూక్ పొంగిపోయాడు. సాయంత్రం వరకు పక్కన కూర్చుని అంతా చూపించాడు. ఆమె మళ్ళీ వచ్చింది. మళ్ళీ మళ్ళీ వచ్చింది. తనకు తెలిసిందంతా దాచుకోకుండా చెప్పాడు. ఒకసారి చెబితే చాలు, పట్టేసుకునేది. రెండోసారి వచ్చేటప్పటికి దాని మీద అతనికి తట్టని ప్రశ్న అడిగేది. మొదట్లో ఆ ప్రశ్నలు ముచ్చటగా ఉండేవి. తర్వాత్తర్వాత ఆమె వస్తుందంటే ముందురోజే కొంచెం చదువుకుని కూర్చోవడం మొదలుపెట్టాడు.

రెండువేల ఆరులో లక్ష్మీదుర్గ రేపల్లెలో తానే ఒక సభ పెట్టింది. "మీరు తప్పకుండా రావాలి అన్నయ్యా, మీరు మొదలుపెడితేనే బాగుంటుంది" అని మరీ మరీ పిలిచింది. ఫరూక్ ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్ళాడు. మహా అయితే ఇరవై మంది ఉంటారనుకున్నాడు. కాలేజీ హాలు నిండి, వరండా నిండి, కిటికీల దగ్గర జనం నిలబడి ఉన్నారు. ఆడపిల్లలే సగం. తెలుగులో కంప్యూటర్ అంటే చూద్దామని పెనుమూడి నుంచి పడవలవాళ్ళు కూడా వచ్చారు. ఫరూక్‌ని వేదిక మీద కూర్చోబెట్టి, "మా గురువుగారు" అని పరిచయం చేసి, పూలదండ వేయించింది. దండ మెడలో పడుతుంటే అతనికి అది దండలా లేదు. పక్కకు జరిగి కూర్చోమని మర్యాదగా చెప్పినట్టుంది.

ఆ సభ గురించి ఆమె మెయిల్ గ్రూపులో ఫోటోలతో సహా రాసింది. చక్కటి ఇంగ్లీషు. బ్రెజిల్ నుంచి ఒకరు, నార్వే నుంచి ఒకరు మెచ్చుకుంటూ రాశారు. ఎప్పుడూ రెండు ముక్కలకు మించి రాయని మతియాస్ పేజీడు రాశాడు. తెనాలి సభల గురించి ఫరూక్ ఎన్ని రాయలేదు! "బాగుంది" అన్నవాళ్ళు ఎందరు? వేళ్ళ మీద లెక్కపెట్టినా ఇంకా వేళ్ళు మిగిలిపోతాయి. ఇంతచేసీ ఆమె రాసిన దాంట్లో మొదటి వాక్యంలోనే ఫరూక్ పేరుంది. ఆయన నేర్పకపోతే ఇదేదీ లేదని రాసింది. ఎక్కడైనా తన పేరు మింగేసి ఉంటే బాగుండేది, హాయిగా కోపం తెచ్చుకునేవాడు. తప్పు కోసం రెండుసార్లు వెతికాడు. దొరకలేదు. తప్పు దొరకని మనిషి మీద ఏడవడమంత నరకం ఇంకొకటి లేదని అతనికి ఆ రోజే తెలిసింది.

ఏకు మేకై కూర్చుంది అనుకున్నాడు. అనుకున్నందుకు సిగ్గుపడ్డాడు. సిగ్గుపడుతూనే మళ్ళీ అనుకున్నాడు.

ఆ తర్వాత అతని చూపే మారిపోయింది. మెయిల్ తెరిస్తే ముందు ఆమె పేరు కోసమే వెతికేవాడు. ఆమె రాసినవాటికి ఎవరెవరు జవాబిచ్చారో చూసుకుని అన్నం దగ్గర మూతి ముడుచుకునేవాడు. తెలుగు పేజీలో తన పేరు కింద ఆమె పేరు కూడా చేరాక పొద్దున్నే ఆ పేజీ తెరవడం మానేశాడు.

"ఏంటండీ, ఎవరితోనన్నా గొడవా?" అంది పర్వీన్ ఒకరోజు అన్నం దగ్గర.

"ఏం లేదు. ముందొచ్చిన చెవుల కంటే వెనకొచ్చిన కొమ్ములు వాడి అంటారే, అదీ సంగతి."

పర్వీన్ ఆలోచించి, "దుర్గ సంగతేనా?" అంది. "ఆ పిల్ల వచ్చినప్పుడల్లా మన అమ్మీకి మందులు తెస్తుంది. అన్నయ్యా అని నోరారా పిలుస్తుంది. దాని మీద మీకేంటండీ?"

"అదే మరి! అన్నయ్యా అంటుంది. ఏమన్నా అనడానికి లేకుండా చేస్తుంది" అని విసురుగా అని, తన మాట తనకే వింతగా వినిపించి, చెయ్యి కడుక్కుని లేచిపోయాడు.

రెండువేల ఏడులో పెలికాన్ సంఘం కోస్తా జిల్లాలన్నిటికీ కలిపి ఒక పెద్ద సభ పెట్టాలని తలచింది. మతియాస్ ఇండియా వస్తున్నాడు, ఆ సభకూ వస్తానన్నాడు. సభ తెనాలిలో జరగాలని ఫరూక్ రాశాడు. మెయిన్ లైను మీదున్న ఊరు, బీజం పడిన చోటు కూడా అదే. లక్ష్మీదుర్గ ఏమీ రాయలేదు. బాపట్లలో లెక్చరరుగా ఉన్న గిరీష్ తమ కాలేజీ ల్యాబు ఇప్పిస్తానన్నాడు. "రేపల్లె సభ చూశాక నాకు ఒకటే మాట. ఇది దుర్గ గారు నడిపితేనే బాగుంటుంది" అని రాశాడు. ఒకరి వెనక ఒకరు అంతా సరేనన్నారు. సభ బాపట్లకు పోయింది, పెత్తనం దుర్గకు పోయింది. ఫరూక్ కూడా సరేనని రాశాడు. ఆ రెండక్షరాలు కొట్టడానికి అతనికి అరపూట పట్టింది.

పంచుకున్న పనుల్లో అతనికి వచ్చింది హార్డ్‌డిస్క్. ఆ రోజుల్లో బాపట్ల కాలేజీలో నెట్ చుక్కచుక్కగా వచ్చేది. అందరి కంప్యూటర్లలో పెలికాన్ ఎక్కించాలంటే మొత్తం సాఫ్ట్‌వేర్ ఒక డిస్కులో ముందే దింపుకుని తీసుకెళ్ళాలి. తెలుగు ఫాంట్లు, కీబోర్డు, తర్జుమాలు, అన్నీ అందులోనే. అది ఫరూక్ చేస్తేనే తప్పుల్లేకుండా ఉంటుందని దుర్గే పట్టుబట్టి అతనికి అప్పగించింది.

డిస్కు చక్కగా తయారుచేశాడు. ఆ పనిలో మాత్రం అతనెప్పుడూ అన్యాయం చెయ్యలేదు. సభరోజు పొద్దున్నే దాన్ని సంచిలో పెట్టుకుని స్టేషనుకు వచ్చాడు. బాపట్ల టికెట్టు తీసుకున్నాడు. బెంచీ మీద కూర్చున్నాడు. ఎదురుగా స్తంభానికి ఎవరో సభ కాగితం అంటించారు. లక్ష్మీదుర్గ పేరు పైన పెద్ద అక్షరాల్లో ఉంది. తన పేరు కింద వరసలో, మిగతా పేర్ల మధ్య ఉంది. ఆ అక్షరాలు కూర్చింది ఎవరో కాదు, ఫరూకే. ఆ కాగితం తన గదిలోనే తయారైంది. ఎవరి పేరు ఎక్కడుండాలో వాళ్ళు పంపించారు, ఇతను పెట్టాడు.

బండి వచ్చింది. జనం ఎక్కారు. ఫరూక్ లేవలేదు. కాళ్ళు లేవనియ్యలేదని తర్వాత చాలాసార్లు తనకు తాను చెప్పుకున్నాడు గానీ, కాళ్ళ తప్పు ఏమీ లేదు. బండి కదిలి, ఆఖరి పెట్టె కూడా ప్లాట్‌ఫారం దాటిపోయింది. అప్పుడు జేబులోంచి సెల్ తీసి దుర్గకు ఫోన్ చేశాడు.

"అమ్మా దుర్గా, నాకు రాత్రి నుంచి జ్వరం. మంచం మీంచి లేవలేకపోతున్నా. ఈ పూట రాలేనేమో."

"అయ్యో, ఎంతుందండి? డాక్టరుకి చూపించుకున్నారా? డిస్కు ఎవరి చేతన్నా పంపిద్దామా, నేనే మనిషిని..."

సరిగ్గా అప్పుడే అతని నెత్తి మీద మైకు మోగింది. "ప్రయాణికులకు విజ్ఞప్తి. తెనాలి నుండి రేపల్లె వెళ్ళు ప్యాసింజర్ మరికొద్దిసేపట్లో బయలుదేరుటకు సిద్ధముగా ఉన్నది."

ఫోన్లో అవతల మాట ఆగిపోయింది. ఆ మైకు గొంతు దుర్గకు కొత్త కాదు. వారం వారం విని ఎక్కిన బండే అది. ఫరూక్ సెల్లు చేత్తో మూయబోయాడు, అప్పటికే ఆలస్యమైంది.

కాసేపటికి ఆమె అంది. "సరేనండి. ఆరోగ్యం చూసుకోండి." అన్నయ్యా అనలేదు.

ఫరూక్ స్టేషను బయటికొచ్చాడు. ఇంటికి వెళ్ళడానికి లేదు, పర్వీన్ సభకు పంపింది. కొట్టుకు వెళ్ళడానికి లేదు, కింద తండ్రి ఉన్నాడు. కాలువ గట్టున నడిచాడు. ఈపాటికి వాళ్ళంతా వచ్చి ఉంటారు. డిస్కు లేదు. దుర్గ ఏం చేస్తుంది? మతియాస్ ముందు నోరు తెరుచుకుని నిలబడుతుంది. నిలబడనీ. ఆ తలపు ఒక్క క్షణం తియ్యగా తగిలి, వెంటనే చేదెక్కింది. తనని ఆమె స్టేషన్లో పట్టేసింది. ఇప్పుడు అందరికీ చెబుతూ ఉంటుంది. చెప్పకపోయినా తెలుస్తుంది. ఎండెక్కేసరికి ఇక నిలవలేక పొన్నూరు మీదుగా బాపట్ల వెళ్ళే బస్సెక్కి కూర్చున్నాడు.

కాలేజీకి చేరేసరికి మధ్యాహ్నం భోజనాలు అయిపోయాయి. గేటు దగ్గర కొందరు సీపీయూలు ఆటోల్లోకి ఎక్కించుకుని వెళ్ళిపోతున్నారు. వాళ్ళ మొహాల్లో విసుగు కనిపిస్తోంది. ల్యాబు గుమ్మంలో ఆగి తొంగిచూశాడు. సభ ఏడుపుగొట్టుగా ఉంటుందనుకున్నాడు. లోపల నవ్వులు వినిపిస్తున్నాయి. మిగిలిన నలభై మందిని దుర్గ నల్లబల్ల చుట్టూ కూర్చోబెట్టి తర్జుమా మాటల మీద వాదన పెట్టించింది. మతియాస్‌కి గిరీష్ ఇంగ్లీషులో చెబుతుంటే ఆయన పడీపడీ నవ్వుతున్నాడు.

"సేవ్ అన్నదానికి దాచు అని పెట్టారండి ఇందులో" అంటోంది లావుపాటి కళ్ళద్దాల ఒకావిడ. "మా కర్లపాలెంలో దాచడమంటే ఎవరికీ కనపడకుండా పెట్టడమండి. ఏదో దొంగసొత్తయినట్టు!"

అందరూ గొల్లుమన్నారు. దుర్గ చేతులెత్తించింది. బల్ల మీది "దాచు"ని కొట్టేసి "భద్రపరచు" అని రాసింది. ఆ దాచు ఫరూక్ మాట. మూడేళ్ళ కిందట పది నిఘంటువులు తిరగేసి, అన్నిటికంటే చిన్నదని ఏరుకున్న మాట. చేసిన ద్రోహం సంచిలో బరువుగా వేలాడుతుండగానే, ఆ మాట కొట్టేసినందుకు అతని గుండె భగ్గుమంది. తను లేకపోయినా సభ నడుస్తోంది. తను లేకుండా నవ్వుతున్నారు.

దుర్గ తలతిప్పి అతన్ని చూసింది. హాలంతా అటు తిరిగింది. ఇప్పుడు చెబుతుంది అనుకుని ఫరూక్ గుమ్మం పట్టుకున్నాడు.

"ఇదుగోండి, మా గురువుగారు" అంది దుర్గ గట్టిగా. "జ్వరంతోనే వచ్చారు. డిస్కు తెచ్చారు."

చప్పట్లు కొట్టారు. మతియాస్ లేచొచ్చి రెండు చేతులూ పట్టుకుని ఊపాడు. ఎవరో కుర్చీ వేశారు, ఎవరో మంచినీళ్ళు తెచ్చారు, ఒకావిడ నుదుటి మీద చెయ్యి పెట్టి "ఒళ్ళు కాలిపోతోంది పాపం" అంది. ఎండలో వచ్చిన ఒళ్ళు, కాలకేం చేస్తుంది! ఫరూక్ తలెత్తకుండా డిస్కు తగిలించి, పొద్దువాలేదాకా ఒక్కో కంప్యూటర్లో పెలికాన్ ఎక్కించాడు. దుర్గ ఆ గదిలోనే ఉంది గానీ అతని వైపు రాలేదు.

సభ ముగిశాక బస్టాండులో రేపల్లె బస్సు కోసం నిలబడి ఉన్న ఆమె దగ్గరికి వెళ్ళాడు.

"నువ్వు విన్నావుగా" అన్నాడు.

"విన్నానండి."

"మరి అందరి ముందూ అలా ఎందుకన్నావు? నా మొహాన కొట్టినట్టుంది."

దుర్గ అప్పుడు మండిపడింది. "మీ కోసమనుకున్నారా? ఫరూక్ గారు కావాలని రాలేదంట అని తెలిస్తే రేపు ఇంకెవరన్నా వస్తారా అండి మన సభలకి? గూడబాతులోళ్ళు కొట్టుకు చచ్చారంటారు. అందుకన్నా." కొంగు భుజం మీదికి లాక్కుంది. "నేనేం చేశానండి మీకు? ఎక్కడన్నా మీ పేరు తక్కువ చేశానా?"

"చెయ్యలేదు. అదే చేసుంటే బాగుండేది."

ఆమె తెల్లబోయి చూసింది. ఫరూక్ నోటికొచ్చింది ఆపుకోలేకపోయాడు. "నిన్ను చూస్తే ఏడుపొస్తుందమ్మా నాకు. నేను మూడేళ్ళు పిలిస్తే పదిమంది రాలేదు. నువ్వొక్కసారి పిలిస్తే ఊరు ఊరంతా వచ్చింది. నీ ఇంగ్లీషు చూసి ఏడుపు, నీ ఫోటోలు చూసి ఏడుపు. నువ్వు నన్ను గురువుగారంటే మరీ ఏడుపు."

"దానికి నేనేం చెయ్యలేనండి" అంది దుర్గ. "మీ ఏడుపు మీరే పడాలి. కానీ కర్లపాలెం నుంచి ముగ్గురు ఆటో మాట్లాడుకుని కంప్యూటర్లు మోసుకొచ్చారు. మీకోసం చూసీ చూసీ వాళ్ళలో ఇద్దరు వెళ్ళిపోయారు. నాకు కాదు, వాళ్ళకి సమాధానం చెప్పుకోండి."

బస్సొచ్చింది. ఎక్కి కిటికీ పక్కన కూర్చుంది. బస్సు కదిలేదాకా ఇటు చూడలేదు.

మరుసటి ఆదివారం ఫరూక్ డిస్కు పట్టుకుని కర్లపాలెం వెళ్ళాడు. అక్కడ లావుపాటి కళ్ళద్దాలావిడ, సుబ్బరత్నమ్మ, టైపు ఇన్‌స్టిట్యూట్ నడుపుతోంది. వెళ్ళిపోయిన ఇద్దరూ ఆవిడ దగ్గర పనిచేసేవాళ్ళే. వాళ్ళ కంప్యూటర్లను అరుగు మీద వరసగా పెట్టుకుని కూర్చున్నాడు. పని జరుగుతుంటే ఇరుగుపొరుగు వాళ్ళు మూగారు. ఒకరు తమ ఇంట్లోదీ మోసుకొచ్చారు. చూస్తూ చూస్తూ ఉండగా అరుగే సభ అయిపోయింది.

"జ్వరం తగ్గిందా బాబూ?" అంది సుబ్బరత్నమ్మ మజ్జిగ ఇస్తూ. "మా కోసం ఇంతదూరం వచ్చారు. ఎంత మంచివారండీ! ఆ సభ పెట్టినమ్మాయి రాలేదేం?"

ఎంత మంచివారు అన్న మాట దగ్గర ఆగిపోవచ్చు. ఆవిడకు అసలు సంగతి ఎవరూ చెప్పరు. ఫరూక్ మజ్జిగ గ్లాసు కింద పెట్టాడు.

"నాకు జ్వరం లేదండి ఆ రోజు. కావాలనే రాలేదు. ఇవాళ కూడా ఆ అమ్మాయి వెళ్ళమంటేనే వచ్చాను."

సుబ్బరత్నమ్మ అద్దాల్లోంచి అతన్ని ఎగాదిగా చూసింది. "బాగానే ఉంది. అయితే ఈ ప్రింటరు కూడా చూసి వెళ్ళండి" అంది.

అలా మొదలైన అరుగు సభలు ఊరూరా పాకాయి. చుండూరులో ఒకటి, భట్టిప్రోలులో ఒకటి, చీరాలలో మగ్గాల ఇళ్ళ మధ్య ఒకటి. దుర్గ హాళ్ళల్లో పెద్ద సభలు పెట్టేది, ఫరూక్ డిస్కు సంచిలో వేసుకుని చిన్న ఊళ్ళు తిరిగేవాడు. ఆమె కొన్ని నెలలు ముభావంగానే ఉంది, పని మాటలు తప్ప మాట్లాడలేదు. ఒకరోజు ఫరూక్ తల్లి హుస్సేన్ బీకి మందులు తెచ్చి, మెట్లెక్కి, "అన్నయ్యా, టీ ఉందా?" అంది. అంతే, దాని గురించి ఇద్దరూ మళ్ళీ ఎత్తలేదు.

ఏడుపు పోయిందా అంటే పోలేదు. రెండువేల తొమ్మిదిలో జర్మనీలో జరిగే మహాసభకు దుర్గను పిలిచినప్పుడు ఫరూక్ రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. మూడోరోజు ఆమె ప్రసంగంలో తెర మీద వేసే బొమ్మలు తనే కూర్చి పెట్టాడు. కూర్చుతున్నంతసేపూ పళ్ళు కొరుక్కుంటూనే ఉన్నాడని పర్వీన్ నవ్వేది.

ఆమె జర్మనీలో ఉన్న వారంలోనే కొల్లిపర సభ వచ్చింది. అక్కడి రిటైరైన లెక్కల మేష్టారు పూర్ణచంద్రరావు ఆర్నెల్ల కిందటే పెలికాన్ నేర్చుకున్నాడు, అదీ ఫరూక్ దగ్గరే. ఫరూక్ కీబోర్డు ఎలా మార్చుకోవాలో పది నిమిషాల నుంచి చెబుతుంటే, మేష్టారు వెనక నుంచి, "దానికి ఇంకో సులువుందండి" అన్నాడు. నిజంగానే సులువు. జనం అటు తిరిగిపోయారు.

పాత ఏడుపు మళ్ళీ తలెత్తింది. వచ్చావా, రా కూర్చో అనుకున్నాడు ఫరూక్ దానితో. తన కుర్చీ మాత్రం మేష్టారి వైపు జరిపాడు.

"మీరే చెప్పండి మేష్టారూ. నేనూ నేర్చుకుంటా" అన్నాడు. మనస్ఫూర్తిగా అన్నాడా అంటే, సగం.